పద్నాలుగో నెంబరు ఇల్లు

తోపుడుబండి ఎడమ చక్రం కీచుమంటుంటే తోయర్ జాపీ మూడో బల్ల దగ్గర ఆగి, 1938 నాటి కేప్‌టౌన్ వీధుల డైరెక్టరీ, ఇంటింటి పేర్లుండే పుస్తకం, దించాడు. వంగిన నడుం, మోచేతుల దగ్గర వెలిసిన ఖాకీ కోటు, దుమ్ముకి ఎప్పుడూ ఎర్రబడి ఉండే కళ్లు. పాత రికార్డుల ఆఫీసులో అటెండరుగా ముప్పై ఒక్క ఏళ్లు. ఊళ్లో అందరి తాతల్నీ మోసినవి ఆ భుజాలే.

"తోయర్! మా తాత దొరికాడయ్యా!" ఆ బల్ల దగ్గరున్న తెల్లావిడ మిసెస్ ప్రింగిల్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "పన్నెండో నెంబరు, చెప్పుల కొట్టు!"

"సంతోషమమ్మా. ఆ పెన్ను లోపల పెట్టండి. ఇక్కడ పెన్సిలే."

ఆమె వేలి కిందే తర్వాతి వరస. తోయర్ పుట్టిన ఇల్లు. '14 – రంగువాళ్లు.' అంతే. తెల్లవాళ్లకి పేర్లు వేశారు, తెల్లతోలు కానివాళ్లకి ఆ ఒక్క మాటే. ఇరవై ఏళ్ల డైరెక్టరీలు వెతికాక మిగిలింది ఇదొక్కటే, బైండింగు నుంచి నిన్ననే వచ్చింది. జనాభా లెక్కల్లో చూద్దామంటే, కూడికలయ్యాక ఫారాలు తగలబెట్టేశారు. మొత్తం అంకె మిగిలింది, మనుషులు మిగల్లేదు.

ఆ ఇల్లున్న పేటని తెల్లవాళ్లకని ప్రకటించి కూల్చేసిన ప్రభుత్వం పోయింది. కొత్తది అక్కడే ఇల్లిస్తానంటోంది, తాత పేరు అచ్చులో చూపిస్తే. గడువు రేపే.

మధ్యాహ్నం అక్క మైమూనాకి ఫోన్ చేశాడు.

"దొరికాడా?"

"లేడక్కా. రంగువాళ్లు అని వేశారు."

"ఇంట్లో పదకొండు మందికీ కలిపి ఒకటే పేరా? ముందే తెలిస్తే అమ్మ అదే కేకేసేది, గొంతన్నా మిగిలేది." దగ్గింది. "ఇంకోసారి చూడరా. ఆ గుమ్మం తొక్కకుండా పోతానేమో."

ఇల్లు కూల్చే రోజున ఆమె గుమ్మానికున్న ఇత్తడి 14ని వెన్న చాకుతో ఊడబీకి తెచ్చి, సర్కారు ఇచ్చిన అరవై రెండో నెంబరు వాటాకి బిగించింది. తలుపు మీద 62 కనబడక నలభై ఏళ్లుగా ఆమె ఉత్తరాలు పక్క బ్లాకుకి పోతున్నాయి. తీసేయమంటే, "పోస్టుమేన్ కోసం ఇల్లు మారతానా?" అనేది.

సాయంత్రం హాలు ఖాళీ అయ్యింది. పేజీ మీద చుక్క పెట్టిన ప్రొఫెసర్లని కూడా తిట్టిన తోయర్, పెన్సిల్ తీసి 14 పక్కన చిన్నక్షరాలతో తాత పేరు రాశాడు: హషీం జాపీ, దర్జీ. ఇళ్లిచ్చే ఆఫీసువాళ్లకి ఇది పనికిరాదు. అక్కకి పనికొస్తుంది. బస్సులో దారి పొడుగునా ఒక్క మాటే సాధన చేశాడు: దొరికాడక్కా.

అక్క వాటా ముందు చెప్పులు గుంపుగా ఉన్నాయి. పక్కింటి గలీమా తలమీది గుడ్డ సర్దుకుంటూ ఎదురొచ్చింది.

"సాయంత్రం అసర్ నమాజుకి కూర్చుందన్నా. మళ్లీ లేవలేదు."

తలుపు మీద ఇత్తడి 14 తళతళలాడుతోంది. పొద్దున్నే తోమినట్టుంది, నాలుగంకె వంపులో నిమ్మగింజ ఒకటి ఇంకా అంటుకునే ఉంది.