చెట్టు కొట్టకూడని నెలలు

రంపం కొనాలని అనుకున్న రోజు నుంచి వీరాంజనేయులు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇంట్లో తిరుగుతాడు, తోటలో తిరుగుతాడు, మెట్ల మీద ఫోను చూసుకుంటూ దిగి ఒకసారి జారిపడబోయాడు కూడా. పొద్దున కళ్ళు తెరవగానే రివ్యూలు, పళ్ళు తోముకుంటూ వీడియోలు. ఎక్కడో అడవిలో గడ్డమాయన ఒకడు దుంగ కోస్తుంటే, ఇక్కడ ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరి శివారులో ఈయన బ్రష్షు నోట్లో పెట్టుకుని అంతా తెలిసినవాడిలా తల ఊపుతాడు. మనిషేమో లాప్‌టాప్ కంటే బరువైనది ఎత్తి ఎంత కాలమైందో దేవుడికే తెలియాలి.

అవసరం లేదని అనను. అవసరం నిక్షేపంలా ఉంది. రెన్యూ చేస్తాం, చేస్తాం అని ఊరించిన కంపెనీ సెప్టెంబరు చివర్లో చల్లగా థాంక్స్ చెప్పి అతని కాంట్రాక్టు ముగించేసింది. ఇల్లు చూస్తే పాతది, గ్యాస్ బిల్లు చూస్తే గుండె జారేది. హాల్లో మాత్రం అద్దం తలుపున్న ఇనుప పొయ్యి ఒకటుంది. నాలుగు కట్టెలు పడేస్తే ఆ గదీ పై గదీ రెండూ వెచ్చగా ఉంటాయి. నవంబరు గాలివానకి పక్కింటి కోలిన్ గారి యాష్ చెట్టు కంచె విరగ్గొట్టుకుని వీళ్ళ తోటలోకి అడ్డంగా పడింది. అది తెగులు తగిలి రెండేళ్ళుగా ఎండిపోయి నిలబడి ఉన్న చెట్టు. కోలిన్ పెద్దాయన, మోకాళ్ళు పట్టేసినవాడు. కోసుకోగలిగితే కట్టెలన్నీ మీవేనన్నాడు. ఇక రంపం ఒక్కటే తక్కువ.

భార్య కిరణ్మయి కౌన్సిల్ ఆఫీసులో పేరోల్, అంటే జీతాల లెక్కలు చూస్తుంది. ఏడో నెల. లెక్కల మనిషి కాబట్టి ఆ లెక్కా ఆవిడే తేల్చింది.

"రెండొందల పౌండ్లు. దాటితే ఊరుకోను. పాపాయికి ప్రామ్ బండి ఇంకా కొనలేదు మనం."

రెండొందల్లో రంపమంటే ఆషామాషీ కాదు. కరెంటుది చవకే గానీ వైరు తోట చివరిదాకా అందదు, అందినా ముందు ఆ వైరునే కోసేసుకుంటాడేమోనని వీరాంజనేయులుకి తన మీద తనకే అనుమానం. బ్యాటరీది పొగ లేదు, పెద్దగా మోత లేదు, కానీ చాలావాటికి బ్యాటరీ, చార్జరు విడిగా కొనాలి. ఆ ముక్క ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో రాస్తారు దొంగవెధవలు. పెట్రోలుది బలమైనది, లావు మొద్దుని కూడా వెన్నలా కోసేస్తుంది, కొత్తది కొనాలంటే మాత్రం రెండొందలు ఏ మూలకీ చాలవు. ఇవన్నీ కాక, చైను కాలికి తగిలినా లోపలికి దిగనివ్వని ప్రత్యేకమైన ప్యాంటు, హెల్మెట్ లేకుండా రంపం ముట్టుకోవద్దని ప్రతి గడ్డమాయనా మొత్తుకుంటున్నాడు. ఆ ప్యాంటు ఒక్కటే బడ్జెట్‌లో మూడో వంతు మింగేస్తుంది.

స్లౌ ఊళ్ళో ఉండే పాత కొలీగ్ నిశాంత్‌కి ఫోన్ చేస్తే వాడు తేలిగ్గా తేల్చేశాడు. "ఆన్‌లైన్ల డెబ్బై పౌండ్లకే వస్తది అన్నా. ప్యాంటెందుకు, జీన్స్ ఏస్కొని కోసుడే."

నిజం చెప్పాలంటే వీరాంజనేయులుకి కావాల్సింది రంపం ఒక్కటే కాదు. ఆలోచించకుండా ఉండటం కావాలి. స్లౌలో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు కిరణ్మయికి ఆరో నెలలో కడుపు పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. మీ తప్పేమీ లేదని డాక్టరు రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు మళ్ళీ ఆ నెలలు. కూర్చుంటే చాలు, ఆమె ఎలా ఊపిరి తీస్తోందో వినాలనిపిస్తుంది, లోపల కదిలిందా అని అడగాలనిపిస్తుంది, మాటిమాటికీ అడిగితే ఆమెకి భయమేస్తుందేమోనని మళ్ళీ నోరు నొక్కుకుంటాడు. అతనికి భయంగా ఉంది. చైను పళ్ళ సైజు గురించి చదువుతున్నంత సేపు ఆ భయం కాస్త పక్కకి జరుగుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. స్లౌ ఇంటి పెరట్లో వంకర ఆపిల్ చెట్టు ఒకటి ఉండేది. అడ్డంగా ఉంది, తీసేయమని ఓనరు అడిగితే వీరాంజనేయులు చేతిరంపంతో కొట్టేశాడు. ఆ తర్వాత వారంలోనే కడుపు పోయింది. బాపట్ల నుంచి అత్తగారు ఆండాళమ్మ ఫోన్లో, "కడుపుతో ఉన్నదాని మొగుడు చెట్టు కొడతాడా" అంది. ఒక్కసారే అంది. మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు, కానీ ఆ ఒక్కసారే అతని మనసులో దిగబడిపోయింది.

ఇప్పుడు ఆ ఆండాళమ్మే పురుడు పోయడానికి వచ్చి ఇంట్లో ఉంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. మాట అంటే మైదానం ఆ చివరిదాకా వినపడాలి. అల్లుడంటే గౌరవమే గానీ క్రమశిక్షణ దగ్గర అల్లుడూ లేడు, కొడుకూ లేడు.

ఒక ఉదయం అట్లు పోస్తూ అడిగింది. "అంతలా ఏం చూస్తున్నారు బాబూ ఆ ఫోన్లో?"

"రంపం అత్తయ్యా. మిషన్ రంపం. ఆ పడిపోయిన చెట్టు కోద్దామని."

"ఎవరు కోస్తారు?"

"నేనే."

ఆండాళమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. "మీరు కోయకూడదు. అమ్మాయి నీళ్ళాడేదాకా మీరు చెట్టు మీద కత్తి పెట్టకూడదు."

"అది నేను పడగొట్టింది కాదు అత్తయ్యా, గాలికి పడింది. పైగా ఎండిపోయి రెండేళ్ళయింది. చచ్చిన చెట్టుని కోస్తే చెట్టు కొట్టినట్టు ఎలా అవుతుంది?"

"చెట్టు చెట్టే."

"జుట్టు కూడా కత్తిరించుకోకూడదన్నారు. ఇంటర్వ్యూ ఉందంటే సరేనన్నారుగా. ఇదీ అలాగే సర్దుకోండి."

"జుట్టు మళ్ళీ మొలుస్తుంది" అంది ఆండాళమ్మ.

పెనం మీద అట్టు మాడుతోంది. బల్ల దగ్గర నారింజ తొనలు ఒలుచుకుంటున్న కిరణ్మయి ఎవరి వైపూ చూడకుండా లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది. వీరాంజనేయులుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఏమిటి ఈవిడ ఉద్దేశం, అప్పుడు పోయింది నా వల్లనేనా అని అడగాలనుకున్నాడు. అడగలేక మాడిన అట్టు తిని లేచాడు.

ఆ కోపంతోనే శనివారం ఊరి చివర తోట పనిముట్ల షాపుకి వెళ్ళాడు. అన్ని రోజుల చదువూ, అన్ని వీడియోలూ గాలికి పోయాయి. మూలన సర్వీసు చేసి పెట్టిన పాత పెట్రోలు రంపం కనపడింది. నూట ఎనభై. ఎత్తితే భుజం గుంజేసింది. ఆ బరువే అతనికి నచ్చింది. ప్యాంటు, హెల్మెట్ ఉన్నాయా అని షాపాయన అడిగితే ఇంట్లో ఉన్నాయని అబద్ధం చెప్పేశాడు. నచ్చకపోతే రెండు వారాల్లో తెచ్చి మార్చుకోవచ్చని ఆయన చెబుతున్నా వినిపించుకోలేదు. ఇంటికి తెచ్చి షెడ్డులో గోనె కింద దాచాడు, ఎవరి కొంపలోనో దొంగతనం చేసుకొచ్చినట్టు.

ఆదివారం పొద్దున ఆండాళమ్మ పూజలో కూర్చోగానే తోటలోకి జారుకున్నాడు. పెట్రోలు, ఆయిలు కలిపి పోశాడు. రంపాన్ని నేల మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి తాడు లాగాడు. పలకలేదు. మళ్ళీ లాగితే దగ్గింది. ఇంకోసారి లాగేసరికి వీధంతా అదిరేలా అందుకుంది. దాన్ని చేతుల్లోకి ఎత్తుకుని పడి ఉన్న మాను వైపు రెండడుగులు వేశాడు.

వంటింటి తలుపు తీసుకుని కిరణ్మయి వచ్చింది. అతని కోటు వేసుకుంది. పొట్ట దగ్గర గుండీలు పడలేదు. చలిలో చెప్పుల్లేకుండా గడ్డి మీద నిలబడింది. వీరాంజనేయులు స్విచ్చి ఆపేశాడు.

"అత్తయ్య పంపించారా?"

"అమ్మ పూజలో ఉంది. నేనే వచ్చాను." తల్లి ఎదుట ఏవండీ అంటుంది గానీ, ఇద్దరే ఉన్నప్పుడు కిరణ్మయి అతన్ని నువ్వనే అంటుంది. "కోయకు వీరూ. వదిలెయ్."

"నువ్వు కూడా ఇదంతా నమ్ముతావా? స్టాటిస్టిక్స్ చదివావు నువ్వు."

"నమ్మను."

"మరింకేంటి?"

ఆమె చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. "పోయినసారి కూడా నమ్మలేదు. అమ్మ ఫోన్లో అన్నప్పుడు అమ్మనే కేకలేశాను. అయినా హాస్పిటల్ నుంచి వచ్చాక, నువ్వు సింకు దగ్గర గిన్నెలు కడుగుతుంటే వెనక కూర్చుని నీ చేతులే చూసేదాన్ని. ఈ చేతులే కదా ఆ చెట్టు కొట్టింది అనిపించేది. తప్పని తెలుసు. తెలిసినా అనిపించేది. అది పోవడానికి చాలా కాలం పట్టింది నాకు. నీకెప్పుడూ చెప్పలేదు."

వీరాంజనేయులు రంపం పట్టుకున్న తన చేతుల వైపు చూసుకున్నాడు. అప్పట్లో ఆమె నెలల తరబడి మాట్లాడకపోతే దుఃఖం అనుకున్నాడు. తన వైపు తిరిగి పడుకోకపోతే ఒళ్ళు బాగాలేదేమో అనుకున్నాడు. టీలు పెట్టిచ్చాడు, గిన్నెలు కడిగాడు, తను చేయగలిగిందల్లా చేశాడు. ఆ గిన్నెలు కడిగిన చేతులనే ఆమె చూస్తూ కూర్చుందని కలలో కూడా అనుకోలేదు.

"ఈసారి ఏమీ కాదు కిరణూ. స్కాన్ అంతా బాగుందన్నారుగా" అన్నాడు.

"కాదనే నేనూ అనుకుంటున్నా. కానీ ఏదైనా అయితే? మళ్ళీ నీ చేతులు చూస్తూ నేను బతకలేను. ఈసారి నాకు కారణం దొరకనివ్వకు."

అతను రంపాన్ని గడ్డి మీద పెట్టేశాడు. తన బూట్లు విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె వంగలేదు కాబట్టి అతనే కూర్చుని తొడిగాడు.

ఆండాళమ్మ పూజలోంచి ఎప్పుడు లేచొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత విన్నదో ఆవిడ చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. "ఆ షాపు ఇవాళ తీసి ఉంటుందా బాబూ?" అని మాత్రం అడిగింది.

"ఉంటుంది. వెనక్కి ఇచ్చేస్తాను అత్తయ్యా."

"ఇచ్చేసి నాకు సరిపోయేది తీసుకుందాం. మీరు కోయకూడదు, అమ్మాయి కోయకూడదు. నేను కోయకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. చీర మార్చుకొస్తాను, ఉండండి."

వీరాంజనేయులు వద్దని వారిస్తూనే కారు తీశాడు. షాపులో ఆండాళమ్మ ఒక్కో రంపాన్నీ రెండు చేతులా ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని, తల అడ్డంగా ఊపి దించేసింది. బ్రాండు అడగలేదు, రివ్యూ అడగలేదు. చివరికి అన్నిట్లోకీ చిన్నదాన్ని పట్టుకుంది. అల్లుడు మొదటి రోజే బొమ్మలా ఉందని లిస్టులోంచి తీసేసిన బ్యాటరీ రంపం అది. దానికి బ్యాటరీ, చార్జరు కలిపే ఇస్తున్నారు. పాతది వెనక్కి తీసుకోగా ప్యాంటు, హెల్మెట్ కూడా ఆ రెండొందల్లోనే సరిపోయాయి. వాడేది ఎవరని షాపాయన అడిగితే వీరాంజనేయులు తల వంచుకుని అత్తగారిని చూపించాడు. ఆయన నవ్వలేదు. ఆవిడని పక్కకి తీసుకెళ్ళి బ్రేకు ఎక్కడుంటుందో, కాళ్ళు ఎలా పెట్టి నిలబడాలో ఓపిగ్గా నేర్పించాడు. నిలబడటం గురించి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు గానీ బుద్ధిగా విన్నది.

మర్నాడు ఎండ కాస్త వచ్చాక పని మొదలైంది. ఆండాళమ్మకి చుడీదారు మీద నారింజ రంగు రక్షణ ప్యాంటు, నెత్తిన హెల్మెట్, ముఖానికి అడ్డంగా దాని జాలీ. కోలిన్ విరిగిన కంచె అవతల కుర్చీ వేసుకుని, ముందు ఏ కొమ్మ కోస్తే మాను దొర్లకుండా ఉంటుందో చెబుతున్నాడు. ఆవిడ తన జిల్లా పరిషత్ ఇంగ్లీషులో బదులిస్తోంది. ఇద్దరికీ బాగానే కుదిరింది. కుదరనిదల్లా వీరాంజనేయులుకే. చిన్న రంపం నెమ్మదిగా కోస్తుంటే అతను ఇటొకసారి, అటొకసారి, కొమ్మ కింద ఒకసారి, ఆవిడ మోచేతి దగ్గర ఒకసారి. "కాస్త ఎత్తి పట్టుకోండి అత్తయ్యా. అటు కాదు, ఇటు. పోనీ నేను కొమ్మ పట్టుకుంటా."

ఆండాళమ్మ మిషన్ ఆపి, జాలీ పైకెత్తింది. "బాబూ, కాస్త దూరంగా ఒక చోట ఉంటారా?"

"ఎలా ఉండమంటారు? నేను చేయాల్సిన పని ఈ వయసులో మీరు చేస్తుంటే." అతను ఇంకో అడుగు ముందుకు వేశాడు. "అయినా మీరు కోస్తే మాత్రం దోషం తగలదా? కడుపులో ఉన్నది మీ బిడ్డ బిడ్డే కదా."

ఆండాళమ్మ వంటింటి కిటికీ వైపు చూసింది. అద్దం వెనక కిరణ్మయి నిలబడి ఉంది.

"దోషం ఉందో లేదో నాకేం తెలుసు. మా అమ్మ చెప్పింది, నేను చెప్పాను. ఉంటే నాకే తగలనివ్వండి" అంది. మైదానం చివరిదాకా వినపడే గొంతు, పక్కనున్న అతనికి మాత్రమే వినపడింది. "అమ్మాయి నన్ను ఎంత తిట్టుకున్నా, ఏళ్ళ తరబడి నా మొహం చూడకపోయినా, నేను దానికి తల్లిని కాకుండా పోను. మీకలా కాదు. మీరు దాని పక్కన బతకాలి."

"మరి నన్నేం చేయమంటారు?" అని అడిగాడు వీరాంజనేయులు.

"ఊరికే నిలబడండి. ఇప్పుడు మీ పని అదే."

ఆవిడ జాలీ దించుకుని మళ్ళీ రంపం ఆన్ చేసింది. వీరాంజనేయులు నాలుగడుగులు వెనక్కి వేసి, ఖాళీ చేతులు కిందికి వదిలేసి, కిటికీలోంచి కిరణ్మయికి కనపడే చోట కదలకుండా నిలబడ్డాడు.