లేవకూడని పందెం

"పల్లీలు అక్కడ పెట్టేసి కాస్త పక్కకి జరుగు, బంతి కనబడటం లేదు" అన్నాడు మా ఆయన.

పల్లీలు వేయించినంతసేపూ నేను ఎవరికీ కనబడలేదు. తెచ్చి పెట్టాక మాత్రం బంతికి అడ్డమయ్యాను. మా ఇంట్లో మ్యాచ్ అంటే పందెం ఉండాల్సిందే. పెద్ద పందేలేమీ కావు. మూత పోయిన చక్కెర గిన్నె ఒకటి టీపాయ్ మీద పెట్టి, మావయ్య, మా ఆయన, మరిది తలా ఒక చిన్న నోటు అందులో వేస్తారు. గెలిచినవాడికి ఆ డబ్బుతో ఒక మంచి సబ్బు కూడా రాదు. "డబ్బుకోసం కాదే, ఊరికే చూస్తే ఏముంటుంది? పందెం ఉంటే ప్రతి బంతికీ గుండె దడదడలాడుతుంది" అంటాడు మా ఆయన. కొత్తలో నాకది ముచ్చటగానే ఉండేది. ఆ గిన్నె తోమేది కూడా నేనే.

ఈ పందేనికో నియమం ఉంది. అది మావయ్య పెట్టింది. పందెం కాసినవాళ్ళు ఆట రసపట్టులో పడ్డాక కూర్చున్న చోటు నుంచి లేవకూడదు. లేస్తే మనవాళ్ళ వికెట్ పడిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఆయన మంచినీళ్ళకి లేచారట, నిలదొక్కుకున్న బ్యాట్స్‌మన్ కాస్తా ఆ బంతికే ఔటయ్యాడట. అంతే, ఆ రోజునుంచి అది శాసనం. మావయ్య వంతెనలు కట్టిన ఇంజినీరు. నదులమీద లారీలు నడిచేలా లెక్కలు కట్టిన మనిషి, తను సోఫాలోంచి లేస్తే ఎక్కడో మైదానంలో వికెట్ పడుతుందని మనస్ఫూర్తిగా నమ్ముతారు. నేనూ అత్తయ్యా మాత్రం ఎన్నిసార్లు లేచినా, ఎన్నిసార్లు వంటింట్లోకీ హాల్లోకీ తిరిగినా ఏ వికెట్టూ పడేది కాదు. మేం పందెం కాయలేదు కదా. అందుకని మంచినీళ్ళు మేమే, టీలు మేమే, ఫోన్ ఛార్జర్ మేమే. ఫ్యాన్ స్విచ్ మరిది కూర్చునే కుర్చీ వెనకే ఉంటుంది, చెయ్యి వెనక్కి పెడితే అందుతుంది. అయినా "వదినా, ఫ్యాన్!" అని కేక పెడతాడు.

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. పొద్దున వెళ్ళింది మొదలు సాయంత్రం వరకూ కౌంటర్ వెనక నిలబడే ఉండాలి. ఓనరుగారికి తిరిగే కుర్చీ ఉంది, అందులో ఆయన అటొకసారీ ఇటొకసారీ తిరుగుతుంటారు. చేరిన కొత్తలో స్టూలు అడిగితే, "నువ్వు కూర్చున్నావనుకో అమ్మా, వచ్చినవాళ్ళు షాపు నిద్రపోతోందనుకుంటారు" అన్నారు. కాబట్టి మోకాళ్ళ నొప్పుల మాత్రలు నిలబడే అమ్ముతాను, పాదాల వాపుకి పూసుకునే మందు ఎలా రాసుకోవాలో నిలబడే చెబుతాను. ఇంటికొచ్చి "కాళ్ళు లాగేస్తున్నాయి" అన్నానో, "అక్కడ చేసే పనేముంది, నిలబడటమేగా" అంటాడు మా ఆయన. ఆయన బ్యాంకులో కూర్చుని కూర్చుని అలసిపోయి వస్తాడు, పాపం.

ఆ రోజు ఆ "పక్కకి జరుగు" అన్న మాట ఎందుకో ఎక్కడో గుచ్చుకుంది. కోపం వచ్చింది, మామూలుగా వచ్చి పోయేది కాదు, వచ్చి కూర్చునే కోపం. గదిలోకి వెళ్ళి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక నోటు తీసి, తిన్నగా వచ్చి గిన్నెలో వేశాను.

"నేనూ కాస్తున్నాను."

మరిది పకపకా నవ్వాడు. "వదినా, నీకసలు ఆట తెలుసా?"

"నీకు తెలిసే కదయ్యా ప్రతిసారీ ఓడిపోతున్నావు."

"ఎవరి మీదమ్మా?" అన్నారు మావయ్య, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"ఈయన ఎవరి మీద కాస్తే వాళ్ళ మీదే."

మా ఆయన ఛాతీ పొంగింది. "చూశారా! నా మీద ఎంత గురో" అని పక్కకి జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను. ఆ సోఫా కవర్లు విప్పి ఉతికేదాన్ని, మళ్ళీ తొడిగేదాన్ని, కానీ అందులో ఏ మూల స్ప్రింగు కుంగిందో నాకు ఆ రోజే తెలిసింది. కాసేపటికి ఆటలో పడ్డాను. మా ఆయన చెప్పింది అబద్ధం కాదు. నా నోటు గిన్నెలో ఉందనుకునేసరికి, ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడు బ్యాటు పట్టుకుని పరిగెడుతుంటే నా గుండె కూడా వాడితో పాటు పరిగెత్తింది. హాయిగా ఉంది సుమా. ఇన్నేళ్ళూ ఈ హాయి వీళ్ళు ముగ్గురే పంచుకు తిన్నారు కదా అనిపించింది.

ఆఖరి ఓవర్లలో మనవాళ్ళు ఆడుతుండగా లోపల కుక్కర్ కూత వేసింది. అలవాటు పాడుగాను, నా నడుం దానంతటదే పైకి లేచింది.

"లేవకు!" అని మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాగాడు.

"కుక్కర్ అండీ, మాడిపోతుంది."

"మాడనీ! నువ్వు మాత్రం కదిలావంటే చంపేస్తాను."

"నియమం నియమమేనమ్మా, కూర్చో" అన్నారు మావయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా.

పెళ్ళయ్యాక మా ఆయన నన్ను లేవొద్దని అనడం అదే మొదటిసారి. జ్వరం వచ్చినప్పుడు కూడా "పడుకో, పడుకో, లేచాక చేద్దువుగాని" అన్నాడే తప్ప లేవకు అనలేదు. నాకు నవ్వాగలేదు. వెనక్కి వాలి, రెండు కాళ్ళూ టీపాయ్ కిందకి బార్లా చాపుకున్నాను.

కుక్కర్ ఆగింది. దాని వెనకే టీలు వచ్చాయి. అత్తయ్య తెచ్చింది. కుడి మోకాలు వంగదు ఆవిడకి, నడిచేటప్పుడు గోడ పట్టుకుంటుంది. రెండు చేతులా ట్రే ఉంది కాబట్టి ఆ రోజు గోడ కూడా పట్టుకోలేదు. "తాగమ్మా, చల్లారిపోతుంది" అని నాకూ ఒక కప్పు ఇచ్చి, ఎప్పటిలాగే వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి చూసింది. అన్నేళ్ళుగా ఆవిడ అన్ని మ్యాచ్‌లూ అక్కడినుంచే చూసింది. మనవాళ్ళు గెలిచారు. మా ఆయన ఎగిరి గంతేశాడు. నేను మాత్రం కప్పు కింద పెట్టేశాను. నేను కూర్చుంటే ఆ నడక అంతా ఆవిడ మోకాళ్ళ మీద పడింది. సిగ్గేసింది. తర్వాత ఒళ్ళు మండింది, ఆ గదిలో ఆరోగ్యమైన కాళ్ళు ఆరు అరుగుదల లేకుండా సోఫాల మీద పడున్నాయి కాబట్టి.

కప్పులు కడుగుతూ చెప్పాను. "అత్తయ్యా, ఫైనల్‌కి మీరు కూడా కాయండి."

"నాకెందుకమ్మా? ఎవడు ఎటు పరిగెడతాడో కూడా తెలీదు."

"తెలియక్కర్లేదు. కూర్చుంటే చాలు."

ఆవిడ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "ఊరుకుంటారంటావా?"

"నియమం మావయ్యే కదా పెట్టింది."

అత్తయ్య కప్పు తుడిచి బోర్లించి, నా వైపు చూసి, చిన్నపిల్లలా మూతి మూసుకుని నవ్వింది.

ఫైనల్ రోజు సాయంత్రం ముగ్గురూ నోట్లు వేశారు, నేనూ వేశాను, నలుగురిదీ మనవాళ్ళ మీదే. ఈసారి ఎదురు కాసేవాడే లేడు, పందెం ఎలా రంజుగా ఉంటుందని మరిది నసుగుతున్నాడు. అప్పుడు అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, గుప్పెట విప్పి, గిన్నెలో ఒక నాణెం వేసింది. ఠంగుమంది.

"నువ్వా?" అన్నారు మావయ్య.

"ఏం, నా డబ్బు చెల్లదా?"

"చెల్లుతుంది గానీ, ఎవరి మీద?"

"ఆ ఎర్ర చొక్కాలవాళ్ళ మీద. రంగు బాగుంది."

అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. సోఫా మధ్యలో మావయ్య దిండు పెట్టుకునే చోట, దిండు తీసి పక్కన పెట్టి, కుడికాలు నెమ్మదిగా చాపుకుని కూర్చుంది.

ఆట బిగిసింది. మనవాళ్ళు ఆడుతున్నారు, ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అప్పుడు వాసన వచ్చింది.

"పాలు!" అన్నాడు మరిది. అత్తయ్య అలవాటుకొద్దీ టీకి పాలు పెట్టి వచ్చింది. ముగ్గురూ నా వైపు చూశారు. నేను టీవీ వైపు చూశాను. తర్వాత అత్తయ్య వైపు చూశారు.

"పందెం కాశాంగా" అంది అత్తయ్య.

"ఆడవాళ్ళకేంటే ఈ రూల్సు? ఎవరో ఒకరు లేవండి!" అన్నాడు మా ఆయన.

"మొన్న నా చెయ్యి పట్టుకుని మరీ కూర్చోబెట్టారు. అప్పుడు నేను మగవాణ్ణా?"

"నాన్నా, నువ్వే చెప్పు" అన్నాడు మరిది. మావయ్య మొహం చూడాలి. వాసన ముదురుతోంది, ఆట ముదురుతోంది, నియమం ఆయనది.

"మీలో ఎవరు లేచినా నాకు మంచిదే" అంది అత్తయ్య తాపీగా. "వికెట్ పడితే గెలిచేది నేనే."

చివరికి మావయ్యే లేచారు. వంటింట్లోంచి కేక వినబడింది. "ఇక్కడ నాలుగు బటన్లున్నాయి, ఏది తిప్పాలి?"

"మంట ఉన్నదాన్ని తిప్పండి" అంది ఆవిడ.

సరిగ్గా అప్పుడే స్టంపులు ఎగిరిపడ్డాయి. మరిది తల పట్టుకున్నాడు. మావయ్య మాడిన పాలగిన్నె గుడ్డతో పట్టుకుని పరిగెత్తుకొచ్చి టీవీ ముందు నిలబడిపోయారు.

"కాస్త పక్కకి జరగండి" అంది అత్తయ్య, "బంతి కనబడటం లేదు."

మనవాళ్ళు ఓడిపోయారు. గిన్నె మొత్తం అత్తయ్యకే వచ్చింది. ఆ రాత్రి గిన్నె తోమమని నన్నెవరూ అడగలేదు, నేనూ తోమలేదు.

మర్నాడు పొద్దున షాపుకి బయల్దేరుతూ, అటక మీద సామాను తీయడానికి వాడే స్టూలు చంకన పెట్టుకున్నాను.

"అదెక్కడికి?" అన్నాడు మా ఆయన.

"షాపుకి. కూర్చోడానికి."

"మీ ఓనరు ఊరుకుంటాడా? ఉద్యోగం పోతుంది జాగ్రత్త."

"ఫార్మసిస్టు లేకుండా ఆయన మందుల షాపు తెరిచి ఉంచగలరా ఏంటి? లేవమని అడిగి చూస్తారు. నేనూ చెప్పి చూస్తాను."

అత్తయ్య లోపల్నుంచి చక్కెర గిన్నె తెచ్చింది. నిన్న గెల్చుకున్న డబ్బంతా అందులోనే ఉంది. దాన్ని టీపాయ్ మీద పెట్టి, మా ఆయన వైపు చూస్తూ, "మొత్తం నా కోడలి మీద" అంది. నాతో మాత్రం ఒక్క మాటే అంది. "సాయంత్రం దాకా లేవకు."

ఓనరుగారి కుర్చీ ఇంకా అటు తిరిగే ఉంది. కౌంటర్ వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా తల మందుల డబ్బాలకి పైనే ఉంది, అందరూ కనబడుతున్నారు, చేతికి అన్నీ అందుతున్నాయి. మొదటి మనిషి వచ్చి మందుల చీటీ చాపాడు. అందుకున్నాను. అప్పుడు కుర్చీ ఇటు తిరిగింది.

"ఏంటమ్మా ఇది? ముందు లే!"

"కుదరదు సార్" అన్నాను, చీటీ చదువుతూ. "ఇంటి దగ్గర మా అత్తయ్య నా మీద పందెం కాసింది."