రెండు వందల పదమూడో నమూనా

తెలియక చేసి ఉంటే మా బాపును క్షమించేదాన్ని.

సూరత్‌లో ప్లేగు అని రేడియో చెప్పిన మర్నాడే నేను పనిచేసే మందుల కంపెనీ శేఠ్ మెయిన్ స్విచ్ ఆపి, ల్యాబుకు తాళం వేసి, కారెక్కి పారిపోయాడు. ఫ్రిజ్‌లో ఉన్న సూక్ష్మజీవులన్నీ చస్తాయన్న ఇంగితం కూడా లేదు మహానుభావుడికి. తాళం పడేలోపు ఒక్క సీసాను టిఫిన్ డబ్బాలో దాచి గోడాదరాలోని మా ఇంటికి తెచ్చి, చల్లటి కుండ నీళ్లలో నిలబెట్టాను.

అందులో ఉన్నది డుమస్ సముద్రపు బురదలోని బ్యాక్టీరియా. ఏడాదిన్నర వెతికితే రెండు వందల పదమూడో నమూనాలో దొరికింది. అదేమిటో బాపుకు ఆయన చెప్పుల జతే చూపించి చెప్పాను.

"మా మందులల్ల కుడి చెప్పు అసొంటివి, ఎడమ చెప్పు అసొంటివి సగం సగం పుడ్తయ్ బాపూ. కుడిది గుండెకు మంచిది, ఎడమది ఒంటికి చేటు. దీంట్ల ఉన్న ఎంజైమ్ ఎడమదాన్నే ఇరుస్తది. కుడిదాన్ని ముట్టదు."

"మా పవర్‌లూమ్‌కు గింత తెలివి లేదు బిడ్డా," అని, మిల్లులో మరమగ్గం నడిపే బాపు మురిసిపోయాడు.

గల్లీ సగం ఖాళీ అయింది. రోజూ పొద్దున్నే బాపు "ఊరికి పోదాం పా" అనేవాడు. రైళ్లలో జనం కిటికీలకు కూడా వేలాడుతున్నారు. ఆ వేడికీ తొక్కిసలాటకూ సీసా దక్కదు. నేను రానన్నాను.

నాలుగో రోజు కుళాయి నుంచి నీళ్లు తెచ్చేసరికి సీసా ఖాళీగా ఉంది. ఇంటినిండా ఫినాయిల్ వాసన.

"ఏం చేసినవ్ బాపూ! ప్లేగు పురుగనుకున్నవా? దీనితోని రోగం రాదని చెప్పలేదా?"

"ఎర్కే బిడ్డా. గది ఉన్నన్ని దినాలు నువ్వు కదలవు. ఇగ లేదు. మూట కట్టిన, లే."

నా ఒళ్లు మండిపోయింది. శేఠ్ ఏమీ తెలియక చంపాడు. ఈయన అన్నీ తెలిసి, నా ఏడాదిన్నరను మురికి మోరీలో పోశాడు. మూటను కాలితో తన్ని, బకెట్ తీసుకుని బయటికి నడిచాను.

"యాడికి?"

"డుమస్‌కు. బురద తెస్త."

బస్సులు లేవు. నేను నడిచైనా పోతానని ఆయనకు తెలుసు. సైకిల్ తీశాడు. బకెట్‌తో వెనక కూర్చున్నాను. దారి పొడవునా ఆయన ఆయాసం వింటూనే ఉన్నాను.

నేను బురదలో దిగుతుంటే, తన ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి చేయి చాచాడు.

"జర ఇదన్న కట్టుకో బిడ్డా."

నేను తీసుకోలేదు.