ఆకాశం దగ్గర ఆగిన పాఠం

కోడలి చెవి తలుపుకే అతుక్కుపోయిందని ఎదురింటి కుట్టుపనామె మేడమీదావిడతో అందట. మేడమీదావిడ ఊరుకుంటుందా, మెట్లు దిగివచ్చి అత్తగారి చెవిన వేసింది. "మగవాళ్ళ పాఠం చాటునుంచి వింటోందట, చోద్యం కాకపోతే!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు.

మాటలో అబద్ధమేమీ లేదు. ప్రతి ఆదివారం పొద్దున మామగారు ముందుగదిలో ఆరుగురు స్నేహితులను కూర్చోబెట్టుకుని ప్రళయం గురించి చెబుతారు. రిటైరైన లెక్కల మాస్టారు, మొదటినుంచి చెప్పుకొస్తే తప్ప ఆయనకు కుదరదు. నేల నీళ్ళలో కలుస్తుంది, నీళ్ళు నిప్పులో, నిప్పు గాలిలో, గాలి ఆకాశంలో. సరిగ్గా అక్కడికొచ్చేసరికి "అమ్మాయ్, టీ!" అని కేక. ఆమె కప్పులతో వచ్చేలోగా లోకం ముగిసిపోయి, అందరూ మోకాళ్ళ నొప్పుల్లో పడి ఉంటారు.

మిగతా ఆరు రోజులూ ఆమెది నీటిపరీక్షల ల్యాబులో ఉద్యోగం. గిన్నెడు నీళ్ళు ఇగరబెట్టి, అడుగున మిగిలిన తెల్లటి పొడిని తూచాలి. అంతా పోయాక మిగిలేదేమిటన్నది ఆమెకు అన్నం పెట్టే ప్రశ్న. నీళ్ళు పోతే పొడి మిగిలింది, సరే. పొడీ పోతే గిన్నె. గిన్నె, గది, తూచే తనూ పోతే? మిగిలిందని చెప్పేదెవరు? లేక ఆ చూడటమొక్కటే మిగులుతుందా? ఉండబట్టలేక మొగుణ్ణి అడిగింది. "శివుడొక్కడే ఉంటాడు. కూరలో ఉప్పు వేశావా?" అన్నాడు.

ఈ ఆదివారంతో పాఠాలు ఆఖరు. ఎల్లుండి కూతురింటికి వెళితే మామగారు మళ్ళీ ఆరునెలలకు గానీ రారు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. ఆరుగురూ ఇబ్బందిగా కాళ్ళు ముడుచుకున్నారు. "గాలి ఆకాశంలో..." అంటూ మామగారు ఆగారు.

"మామయ్యా, ఆకాశం కూడా పోయాక శివుడున్నాడని చూసిందెవరు?"

మాస్టారి కళ్ళు మెరిశాయి. ముప్ఫై ఏళ్ళు తరగతిలో ఎదురుచూసిన చెయ్యి ఇవాళ లేచినట్టు ముందుకు వంగారు. ఆయన నోరు తెరిచేలోగా, కిటికీ దగ్గర పేపరు చదువుతున్న మొగుడు అందుకున్నాడు.

"శివుడెక్కడికీ పోడులే, ముందు టీ సంగతి చూడు."

ఆరుగురూ నవ్వారు. ఆమె లేవలేదు, మొగుడివైపు తిరిగింది.

"పాలగిన్నె పొయ్యి మీదే ఉంది, మీరు పెట్టండి. అంతా పోయాక ఏం మిగులుతుందో విని గానీ నేను లేవను."