డాక్టర్ ఫర్కర్ క్షమించిన మనిషి

డాక్టర్ ఫర్కర్ తొంభై మూడేళ్ళు బతికాడు. అందులో నాలుగేళ్ళు యుద్ధంలో విమానం నడిపాడు, నలభై నాలుగేళ్ళు ఇన్వర్‌కెల్డ్ ఊళ్ళో పళ్ళు పీకాడు. అంత్యక్రియలు గురువారం. బుధవారం పొద్దున పాస్టర్ హాల్డేన్ నోట్‌బుక్ పట్టుకుని ఇస్లా ఇంటికి వచ్చాడు. పోయినవాడి గురించి చర్చిలో నాలుగు మాటలు చెప్పాలంటే ముందురోజు ఇంటివాళ్ళని అడిగి రాసుకోవాలి. డాక్టరుకు ఇంటివాళ్ళు లేరు. ముప్పై రెండేళ్ళు ఆయన పక్కన నర్సుగా నిలబడిన ఇస్లా ఉంది.

"పన్ను పీకేముందు అది ఏ పన్నో నాచేత మూడుసార్లు పైకి చెప్పించేవాడు. తర్వాత వేలు పెట్టి చూసేవాడు" అంది ఇస్లా. "ఈలోగా నొప్పి దానంతటదే తగ్గిపోయింది డాక్టరూ, ఇంటికి పోతాను అనేవాళ్ళు జనం."

పాస్టర్ నవ్వి రాసుకున్నాడు. పేజీ తిప్పాడు.

"ఇక మీ నాన్నగారి సంగతి. అది చివర్లో పెడదామనుకుంటున్నాను. క్షమాగుణం గురించి."

ఇస్లా చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టింది.

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. 1942 మార్చిలో ఒక తెల్లవారుజామున ఫర్కర్ విమానం రన్‌వే చివర కూలింది. ఇద్దరు చనిపోయారు. గాలిలో వేగం కొలిచే గొట్టానికి, విమానం నేల మీద ఉన్నంతసేపూ గుడ్డ తొడుగు వేసి ఉంచుతారు. ఎగిరేముందు తీస్తారు. ఆ రోజు తీయలేదు, పైలట్‌కి వేగం ఎంతో తెలియలేదు. తీయవలసిన మెకానిక్ వాటీ రెండల్, ఇస్లా తండ్రి. యాభై ఆరు రోజులు సైనిక జైల్లో ఉన్నాడు. యుద్ధం అయ్యాక ఊరికి తిరిగొచ్చి చేపల షెడ్డులో పెట్టెలు మోశాడు. ఊరు అతనికి గుడ్డ వాటీ అని పేరు పెట్టింది. బడిలో ఇస్లా అన్న మాగ్నస్‌ని పిల్లలు "గుడ్డ తీశావుట్రా?" అని అడిగేవాళ్ళు.

1951లో ఫర్కర్ దంతవైద్యం చదువుకుని వచ్చి ఇదే ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాడు. తనని చావు దాకా తీసుకెళ్ళినవాడి పళ్ళు బాగుచేశాడు. వాడి కూతురికి ఉద్యోగమిచ్చాడు. దేవుడిలాంటి మనిషి అన్నారు జనం. మాగ్నస్ కూడా అదే అన్నాడు. వీధిలో డాక్టరు ఎదురైతే టోపీ తీసేవాడు.

"అది చెప్పకండి" అంది ఇస్లా.

"ఎందుకని?"

"ఎగిరేముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి చూడాలి. చూశానని పుస్తకంలో సంతకం పెట్టాలి. వాన పడుతుంటే ఆ తొడుగు అప్పటిదాకా ఉంచి, పైలట్ కళ్ళముందే తీయడం వాళ్ళ పద్ధతి. ఆయన వస్తే తీద్దామని నాన్న ఆగాడు. ఈలోగా పక్క విమానం దగ్గరికి రమ్మన్నారు. డాక్టరు వచ్చాడు గానీ వానలో చుట్టూ తిరగలేదు, నేరుగా విమానం ఎక్కేశాడు. లోపల కూర్చునే సంతకం పెట్టాడు. విచారణలో మాత్రం తిరిగి చూశాననీ, అప్పుడు తొడుగు లేదనీ, తర్వాత నాన్నే పొరపాటున తొడిగి ఉంటాడనీ చెప్పాడు."

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"ఆయనే. ప్రాక్టీసు మూసేసిన రోజున. నాన్నకి చెప్పాలనే ఈ ఊరు వచ్చాడట. నాన్న వచ్చి కుర్చీలో నోరు తెరిచాడు. ఈయన చెప్పలేకపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు, ఆరు నెలలకోసారి. తర్వాత నాన్న పోయాడు."

"రాసిన కాగితమేమైనా ఉందా?"

"లేదు."

"మరి చర్చిలో నిలబడి నేనెలా చెప్పను ఇస్లాగారూ?"

"చెప్పమనడం లేదు. క్షమించాడని మాత్రం అనకండి. మా అన్న ముందు బెంచీలో కూర్చుంటాడు."

పాస్టర్ రెండు వాక్యాలు కొట్టేశాడు.

గురువారం మాట నిలబెట్టుకున్నాడు కూడా. యుద్ధం గురించి చెప్పాడు, పళ్ళ గురించి చెప్పాడు, జనం అక్కడక్కడ నవ్వారు. పూడ్చి వచ్చాక చర్చి హాల్లో టీ, శాండ్‌విచ్‌లు పెట్టారు. బేకరీ నెట్టీకి ఎనభై రెండేళ్ళు. ఆమె పాస్టర్‌ని నిలదీసింది.

"ఏమయ్యా పాస్టరూ, అసలు ముక్క మింగేశావే! వీళ్ళ నాన్న సంగతేదీ? ఒరే మాగ్నస్, నువ్వైనా చెప్పకూడదట్రా? మీ నాన్న చేసిన పనికి ఇంకొకడైతే గొంతు పిసికేవాడు. ఈయన పళ్ళు కట్టాడు."

"నిజమే నెట్టీ" అన్నాడు మాగ్నస్. డెబ్బై నాలుగేళ్ళవాడు, కుర్చీ పట్టుకుని లేచాడు. హాలు సద్దుమణిగింది. "మా నాన్న తరఫున నేను..."

"అన్నయ్యా, కూర్చో" అంది ఇస్లా.

అతను కూర్చోలేదు. ఆమె చెప్పింది. పాస్టర్‌కి చెప్పిన వరసలోనే చెప్పింది. వాన, సంతకం, విచారణ, కుర్చీ.

"మట్టి ఇంకా ఆరలేదు" అంది నెట్టీ. "పోయినవాడి మీద ఇప్పుడా ఇవన్నీ?"

మాగ్నస్ చెల్లెలివైపే చూస్తున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిదేళ్ళయింది."

"పంతొమ్మిదేళ్ళా?"

"తను బతికుండగా ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు."

"మొన్న ఈస్టరుకి చర్చి మెట్ల మీద ఆయనకి టోపీ తీశాను" అన్నాడు మాగ్నస్. "ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నావు నువ్వు."

మాగ్నస్ కోటు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. ఆమె తలుపు దాకా వెళ్ళి రెండుసార్లు పిలిచింది. అతను అప్పటికి గేటు దగ్గరే ఉన్నాడు, తిరిగి చూడలేదు. అంత దూరం అతనికి వినబడుతుంది.