రెండో బ్రేకు

అమ్మానాన్న కారు ప్రమాదంలో పోయాక నన్ను పెంచింది మా మేనత్త. అంతవరకు కుట్టుమిషన్లు బాగుచేసుకునే మనిషి, ఆ పని కట్టిపెట్టి డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టింది. చుట్టాలంతా ఆమెకు మతిపోయిందనుకున్నారు.

ఆమె కారులో బ్రేకులు రెండు: నేర్చుకునేవాళ్లకొకటి, పక్క సీట్లో ఆమెకొకటి. నన్ను రోజూ బడికి దింపేది ఆ నేర్చుకునేవాళ్లే. ఆ నెలంతా పళ్ల డాక్టరు వంతు. జనం నోళ్లలో వణకని ఆయన చెయ్యి స్టీరింగు పట్టుకోగానే వణికేది. మలుపు మలుపుకీ బండి ఆగిపోయేది. నేను వెనక కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఒక్కోసారి మర్నాటిది కూడా అయిపోయేది.

ఆ ఏడాదిలో ముప్పై ఒక్కసారి ఆలస్యమయ్యాక హెడ్‌మాస్టరు మా పెదనాన్నకు ఉత్తరం రాశారు. మూడోరోజు పొద్దున్నే పెదనాన్న ఊరినుంచి ఊడిపడ్డాడు.

“పిల్లని పెంచడమంటే ఇదా? ఆదివారం నాతో తీసుకెళ్లిపోతున్నా.”

నాకు ఏడుపొచ్చింది. పెదనాన్న మంచివాడే. కానీ నాకు అత్త కావాలి.

“ఇవాళ నేనే నడుపుతా అన్నయ్యా. టైముకి దింపి చూపిస్తా,” అంది అత్త. డాక్టరును ఇంటికి పంపేసి స్టీరింగు ముందు కూర్చుంది.

నేను ఎక్కలేదు.

“ఎక్కవే, టైమవుతోంది!”

“నీ సీట్లో ఎవరూ లేరుగా. నీ బ్రేకెవరు వేస్తారు?”

అత్త పెదనాన్న వైపు చూసింది. ఆయన సణుక్కుంటూ వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాడు.

దారిలో కుక్క కనబడితే పెదనాన్న బ్రేకు, సైకిలు కనబడితే బ్రేకు. కాలవ అవతలి గట్టున ఎవరో ముసలాయన దగ్గినా బ్రేకే. అత్త పళ్లు నూరుకుంటూ ప్రతిసారీ బండి మళ్లీ కదిలించింది. పెదనాన్న చొక్కా చెమటతో తడిసిపోయింది. మాటిమాటికీ వెనక్కి తిరిగి నన్ను చూసుకున్నాడు. పోయింది ఆయన ఎత్తుకుని పెంచిన తమ్ముడు మరి.

మేం చేరేసరికి గంట కొట్టి అరగంటయింది. పళ్ల డాక్టరు కూడా ఎన్నడూ అంత ఆలస్యం చెయ్యలేదు.

గేటు దగ్గరి ఆలస్యాల పుస్తకంలో పెదనాన్నే సంతకం పెట్టాడు. కారణం అన్న గడిలో ‘పాప కారులో ఉంది’ అని రాశాడు.

ఆదివారం ఆయన ఒక్కడే బస్సెక్కాడు.