వాన తాకని దారి

ఆ ఏడు వానాకాలంలో నూకాలమ్మ పూలు ఒక్క పూటైనా తడవలేదు. బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డు పక్కన, మూతపడిన సైకిల్ షాపు ముందు, మంచం పట్టేంత చోటు ఒకటుంది. ఎంత జోరువాన కురిసినా అక్కడ చినుకు పడదు. నూకాలమ్మ పొద్దున్నే పూలబుట్ట తెచ్చి అక్కడ దించుకుని, కాళ్లు చాపుకుని, మల్లెలూ కనకాంబరాలూ కట్టుకుంటూ కూర్చునేది. చుట్టూ నీళ్లు పారుతుండేవి. ఆమె కూర్చున్న చోట మాత్రం వేలితో గీస్తే దుమ్ము లేచేది. కాళీమాతకి ఎర్రమందారాలు అడిగే బెంగాలీ ఆడవాళ్లు ఆ పొడినేల మీదికి వచ్చి నిలబడి, బేరం తెగాక మళ్లీ వానలోకి వెళ్లిపోయేవాళ్లు. ఒక వీధికుక్క మబ్బు పట్టగానే వచ్చి బుట్ట పక్కన ముడుచుకునేది.

ఆషాఢం మొదట్లో పరబ్రహ్మం మాస్టారు పడిపోయిన చోటు అది.

మాస్టారు రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. సుభాష్‌పల్లిలో చిన్న ఇల్లు కట్టుకుని, భార్య సరోజాదేవితో ఉండేవారు. ఆ సాయంత్రం బజారు నుంచి వానలో నడిచి వస్తుంటే ఎవరో తల మీద కొట్టారు. ఎదురుగా టీకొట్టు నడిపే బెంగాలీ దాదా చూసి పరిగెత్తుకొచ్చేసరికి రోడ్డు మీద మోకాలి కింది దాకా నీళ్లున్నాయి, మాస్టారి పంచె మాత్రం పొడిగా ఉంది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కొట్టినవాణ్ణి చూసినవాళ్లు లేరు. రోడ్డు మీది కెమెరాలో వాన తప్ప ఇంకేమీ కనబడలేదని పోలీసులు చెప్పారు. తర్వాత మున్సిపాలిటీవాళ్లు వచ్చి, ఆ పొడిచోటు చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం కొట్టి వెళ్లారు.

సాయంత్రమైతే టీకొట్టులో చర్చ మొదలయ్యేది. దానికి పెద్ద దినకర్. రైల్వే ఆఫీసులో పనిచేస్తాడు, మంచివాడే. మాస్టారికి న్యాయం జరగాలని ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాడు. కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగింపు కూడా చేయించాడు.

“తెలిసినోడే అయ్యుండాల. తెలీనోడికి ముసలాయనతో పనేటి?” అనేవాడొకడు.

“ఆటో గిరిబాబుతో తగువైనాది కదా. గేటుకడ్డంగా ఆటో పెడితే మాస్టారు తిట్టినారు. నాను సూసినాను,” అన్నాడు ఇంకొకడు.

ఆ మాట టీకొట్టు దాటి గ్రూపులోకెక్కింది, గ్రూపులోంచి పోలీసుల దాకా వెళ్లింది. గిరిబాబుని తీసుకెళ్లి అడగవలసిందంతా అడిగి, ఏమీ దొరక్క పంపించేశారు. పోలీసులు వదిలారు గాని చర్చ వదల్లేదు. అతని ఫొటో గ్రూపులో తిరుగుతూనే ఉంది. స్టేషన్ దగ్గర స్టాండులో జనం అతని ఆటో దాటుకుని వెనకది ఎక్కేవాళ్లు. భార్య రాధారాణి కుళాయికి వెళ్తే ఆడవాళ్లు మాటలాపేసి, ఆమె బిందె నిండేదాకా ఆకాశం చూసేవాళ్లు.

చర్చకి రమ్మని దినకర్ సరోజాదేవిని ఇంటికెళ్లి పిలిచాడు.

“మీరొచ్చి నాలుగు మాటలు మాట్లాడితే కేసు కదులుతుంది పిన్నిగారూ. అసలు మీకెవరి మీద అనుమానం?”

“ఎవరి మీదా లేదు బాబూ. ఆఖర్న ఆయన ఏమన్నారో అది తెలిస్తే చాలు నాకు.”

“అదెలా తెలుస్తుందండీ?”

“కొట్టినవాడికి తెలుసు కదా,” అంది ఆవిడ.

చర్చకి వెళ్లలేదు గాని రోజూ మధ్యాహ్నం మలంచా వచ్చి, ఫొటోకి దండ కొనుక్కుని, ఆ పొడినేల మీద కాసేపు నిలబడేది. నూకాలమ్మ ఒకతే ఆవిణ్ణి ఏమీ అడిగేది కాదు. తన సంగతులే చెప్పేది.

“మా గుంటడు దేముడు మాస్టారి దగ్గిరే సదువుకున్నాడమ్మగోరూ. ఏడో క్లాసుతో ఆపీసినాడు. ఇప్పుడు గోదాంలో మూటలు మోస్తన్నాడు. నన్నిక్కడ కూకోవద్దంతాడు. మాస్టారు పడిపోయిన సోటు, తప్పమ్మా అంతాడు. పూలు తడిసిపోతే ఎవులు కొంతార్రా అంతాను నాను.”

“కూర్చో. ఆయనకి పూలంటే ఇష్టం,” అంది సరోజాదేవి.

శ్రావణం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం వాన అందుకోగానే నూకాలమ్మ చూస్తుండగా పొడిచోటులోంచి ఒక పాయ బయల్దేరింది. అడుగు వెడల్పున నేల మీద నీళ్లు పక్కకి తొలగిపోయి, మట్టి ఆరిపోయి, మనిషి నడిచినంత నిదానంగా ముందుకు సాగింది. దాని మీద, పైన మేఘం దాకా, చినుకు లేదు. రెండు పక్కలా వాన గోడల్లా నిలబడి కురుస్తుంటే మధ్యలో ఆ సన్నటి సందు వెలుతురుగా కనిపించింది. టీకొట్టులోంచి అందరూ వచ్చి చూశారు. ఆ దారి వీధికుళాయి దాకా వెళ్లింది. అక్కడ వెడల్పయింది. వాన వెలిసింది, దారీ ఆగింది.

“ఇక్కడ చేతులు కడుక్కున్నాడు,” అన్నాడు దినకర్ మెల్లిగా.

కొట్టినవాడు ఆ సాయంత్రం నడిచిన దారి అదని అందరికీ అర్థమైంది. మర్నాడు మబ్బు వేసేసరికి జనం గిరిబాబు ఉండే సందు మొదట్లో చేరారు. గిరిబాబు కూడా వచ్చి, ఆటో పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాన మొదలైంది. దారి కుళాయి దగ్గర్నుంచి కదిలి, రోడ్డు అంచున వచ్చి, సందు మొదలుకి చేరింది. అది అతని ఆటో చక్రాన్ని రాసుకుంటూ నేరుగా ముందుకు పోయింది.

జనం చాలాసేపు అటూ ఇటూ చూశారు. తర్వాత ఒక పెద్దాయన వచ్చి, ఆటోలో కూర్చుని, “గోల్ బజార్ జాబే?” అని, వస్తావా అన్నట్టు, బెంగాలీలో అడిగాడు. గిరిబాబు తువ్వాలుతో మొహం తుడుచుకుని స్టార్ట్ చేశాడు.

ఆ తర్వాతి వానకి దారి పోలీస్ స్టేషన్ గేటు దాకా వెళ్లి ఆగింది. గ్రూపులో గగ్గోలు పుట్టింది. పోలీసువాడే చంపాడన్నారు. రెండు రోజులు అదే మాట. మూడో రోజు మళ్లీ కురిసింది. గేటు ముందు ఒకే చోట పొడినేల బాగా వెడల్పయి, అటూ ఇటూ తిరుగాడి, వెనక్కి మళ్లింది. గేటు దాకా వచ్చాడు. చాలాసేపు తచ్చాడాడు. లోపలికి వెళ్లలేక తిరిగిపోయాడు.

అది చూశాక చర్చ చప్పబడిపోయింది. అంతవరకూ జనం మాట్లాడుకున్నది ఒక రాక్షసుడి గురించి. ఇప్పుడు గేటు ముందు తచ్చాడిన మనిషి గురించి ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. టీకొట్టులో గ్లాసుల చప్పుడే వినబడేది. వాన మొదలైతే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి, దారి ఎటు వస్తోందో చూసేవాళ్లు. తల్లులు కొడుకుల వంకా, భార్యలు భర్తల వంకా చూసి, ఆ రోజు సాయంత్రం వీడు ఎక్కడున్నాడా అని లోపల్లోపల గుర్తు చేసుకునేవాళ్లు. పైకి అడిగినవాళ్లు లేరు.

తర్వాతి వానకి దారి సుభాష్‌పల్లిలోకి మళ్లింది. వెనకాల జనం కాళ్లు ఎత్తెత్తి వేస్తూ, మాట లేకుండా నడిచారు. సరోజాదేవి వరండాలో నిలబడి చూస్తోంది. దారి వచ్చి ఆవిడ గేటు ముందు ఆగింది. అక్కడ నేల ఆరుతూ ఆరుతూ మనిషి కూలబడేంత వెడల్పయింది.

అప్పుడు ఆవిడకి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం, కబురు ఇంకా తెలియకముందు, గేటు గొళ్లెం చప్పుడైంది. ఆయనే అనుకుంది. వంటింట్లోంచే, “తలుపు తీసే ఉంది, రండి,” అని కేకేసింది. ఎవరూ రాలేదు. గాలనుకుంది.

సరోజాదేవి మెట్లు దిగి, గేటు తీసి, ఆ పొడినేల మీదికి వచ్చింది. తల మీద వాన ఆగిపోయింది. నాలుగు వైపులా నీటిధారలు కురుస్తున్నాయి, తను నిలుచున్న చోట దీపం పెట్టినా ఆరదు. ఆవిడ చెయ్యి చాచి వాన అంచుని తాకి, మళ్లీ లోపలికి తీసుకుంది. కొట్టినవాడు చెప్పడానికే ఇక్కడిదాకా వచ్చాడు. తను లోపలికి రమ్మంది. ఆ పిలుపుకి భయపడి వెళ్లిపోయాడు.

“వాడు పెద్దవాడు కాదు,” అంది, పక్కనే తడుస్తున్న దినకర్‌తో. “పెద్దవాడైతే ఇన్ని చోట్లకి తిరగడు.”

ఆఖరి వాన భాద్రపదం ముందు, ఒక ఆదివారం సాయంత్రం పడింది. దారి సుభాష్‌పల్లి నుంచి వెనుదిరిగి మలంచా వైపు బయల్దేరింది. ఈసారి సరోజాదేవి గొడుగు వేసుకుని దాని పక్కనే నడిచింది. గిరిబాబు ఆటో జనం వెనకాల నెమ్మదిగా వచ్చింది. నూకాలమ్మ కూర్చున్న చోట నుంచే చూస్తోంది. దారి పెద్ద రోడ్డు దాటి ఎడమ పక్క సందులోకి తిరిగింది. అది ఆమె సందు. నూకాలమ్మ చేతిలోని దండ, దారం తెంపకుండానే, కిందికి జారిపోయింది. లేచి నడిచింది.

సందులో ఇళ్లు ఎదురెదురుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. దారి ఒక్కో గుమ్మం దాటుతుంటే ఆ ఇంటివాళ్లు గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. చివర్లో నూకాలమ్మ ఇంటి తలుపు తెరుచుకుంది. దేముడు బయటికొచ్చాడు. మీసాలు సరిగా రాని మొహం. దారి ఇంకా నాలుగిళ్ల అవతల ఉంది. అది తల్లి గుమ్మం తాకేదాకా అతను ఆగలేదు. వానలో ఎదురు నడిచి వెళ్లి దాని కొసన నిలబడ్డాడు. అతని మీద వాన ఆగిపోయింది.

“మాస్టార్ని కొట్టింది నానే అమ్మగోరూ,” అన్నాడు.

ఎవరూ ముందుకు ఉరకలేదు. ఎవరూ ఫోన్ తీయలేదు.

“ఎందుకురా?” అంది సరోజాదేవి.

“గోదాంలో రాగితీగ సంచీలో ఏసుకొని వస్తన్నాను. మాస్టారు ఎదురొచ్చి సంచీ ఇప్పమన్నారు. సూసినారు. పోలీసులకి సెప్తానంటే కాళ్ల మీద పడిపోదును. మీ అమ్మకి సెప్తానన్నారు. సేతిలో రాడ్డున్నాది. ఎలా ఎత్తినానో నాకే తెల్దు.”

నూకాలమ్మ అప్పటికి దగ్గరకొచ్చింది. కొడుకుని తాకలేదు. “నాకు తెలిస్తే ఏటైపోతాదనుకున్నావురా?” అంది. “తిడుదును. రెండు దెబ్బలేద్దును. తరవాత అన్నమెట్టుదును కదా.”

సరోజాదేవి ఇంకో అడుగు ముందుకొచ్చింది. “పడ్డాక ఆయన ఏమన్నా అన్నారా?”

“అన్నారమ్మగోరూ.” దేముడు ఆవిడ వైపు తిరిగాడు. “నా మొకం సూసి, ‘తడిసిపోతున్నావురా దేముడూ, ఇంటికి వెళ్లు’ అన్నారు. ఆ తరవాత నా మీద సినుకు పడనేదు. కుళాయి కాడికెల్లినా పడనేదు. పోలీస్ టేసన్ కాడికెల్లినా, మీ ఇంటి కాడికొచ్చినా పడనేదు. మా ఇంటికెల్లిన దాకా పడనేదు.”

అందరూ ఇన్నాళ్లూ ఆ దారి హంతకుణ్ణి పట్టివ్వడానికే బయల్దేరిందనుకున్నారు. మాస్టారు శిష్యుణ్ణి తడవనివ్వకుండా ఇంటికి పంపిన దారి అది. ఆ సంగతి ఒకరి నుంచి ఒకరికి, గుసగుసగా, సందు చివర దాకా పాకింది. దినకర్ జేబులోంచి చెయ్యి తీసి ముఖం కప్పుకున్నాడు.

“నానే ఎల్తాను. ఆ గేటు దాటుతానీసారి,” అన్నాడు దేముడు.

గిరిబాబు ఆటో జనంలోంచి ముందుకొచ్చి అతని పక్కన ఆగింది. గిరిబాబు వెనక సీటు మీది నీళ్లు తువ్వాలుతో తుడిచాడు. “ఎక్కు,” అన్నాడు. నూకాలమ్మ కొడుకు పక్కన కూర్చుంది. సరోజాదేవి గొడుగు ముడిచి తనూ ఎక్కింది. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆటో కదిలినప్పుడు వెనక సైకిల్ షాపు ముందు, ఇటుకల మధ్య, మాస్టారు పోయాక మొదటిసారి వాన పడింది.

స్టేషన్ గేటు దగ్గర దేముడు దిగాడు. గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే వాన అతని మీద పడింది. అతను ఒకసారి తల పైకెత్తి చూసి, జుట్టు మీంచీ చొక్కా మీంచీ నీళ్లు కారుతుంటే, నడవడం మొదలుపెట్టాడు. గుమ్మం ఇంకా దూరముంది. నూకాలమ్మ ఆటో దిగి గేటు పట్టుకుని నిలబడిపోయింది. వెళ్లాలని కాళ్లు కదులుతున్నాయి. సరోజాదేవి మొహం చూసి ఆగిపోతోంది.

క్షమించానన్న మాట సరోజాదేవి ఆ రోజూ అనలేదు, తర్వాతా ఎవరితోనూ అనలేదు. కోర్టులో అడిగినప్పుడు మాత్రం భర్త ఆఖరి మాటని ఉన్నదున్నట్టు చెప్పింది. దేముడికి శిక్ష తగ్గడానికి అదే కారణమని ఇప్పటికీ టీకొట్టులో చెప్పుకుంటారు. కాని ఆ సాయంత్రం, గేటు దగ్గర, అవేవీ ఆవిడకి తెలియవు. ఎదురుగా వానలో ఒక కుర్రాడు నడుస్తున్నాడు.

సరోజాదేవి గొడుగు తెరిచి నూకాలమ్మ చేతిలో పెట్టింది.

“వెళ్లు, తడిసిపోతున్నాడు,” అంది.